బికనేర్ దారిలో జానెడు సందు

ఉదయం ఐదూ నలభైకి యాకూబ్ ఇనుప రాడ్డుతో లారీ టైర్లను ఒక్కొక్కటే కొట్టి శబ్దం విన్నాడు. పది టైర్లు, పది దెబ్బలు. బండి కదిలే ముందు రోజూ చేసే పనే. రాడ్డు సీటు కింద పడేసి, "ఎక్కు వదినా, ఇగ పోదాం" అన్నాడు.

నేను ఎక్కలేకపోయాను. మొదటి మెట్టే నా మోకాలి కన్నా ఎత్తు. కుచ్చిళ్ళు ఒక చేత్తో, తలుపు ఒక చేత్తో పట్టుకుని రెండుసార్లు జారాను.

"ఇరవై రెండేండ్ల సంది ఇంటి ముంగట లారీ ఉంటది. ఎక్కుడు రాదా?"

"ఎప్పుడు ఎక్కించుకున్నారయ్యా మీరు?" అన్నాను. మూడోసారికి ఎక్కాను.

కల్లూరులో గ్రంథాలయంలో పని చేస్తాను. మా ఆయన జోసెఫ్ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఒకటి ఈ లారీ, ఇంకొకటి ఒక కాగితం. చర్చి క్యాలెండర్ నుంచి చింపిన జూన్ నెల. దాని వెనక భద్రాచలం నుంచి రాజస్థాన్‌లోని బికనేర్ దాకా ఒక గీత, గీత మీద చుక్కలు, చుక్కల పక్కన ఊళ్ళ పేర్లు. పోయేటప్పుడు మిర్చి, వచ్చేటప్పుడు జీలకర్ర, రెండింటికీ కిరాయి అంచనా. అడుగున "ఘాట్ లేదు, వాన లేదు, అడవి చెక్‌పోస్టు లేదు" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఆయన ఎడారి ఎన్నడూ చూడలేదు. బతుకంతా చింతూరు, మారేడుమిల్లి ఘాట్లలో బండి నడిపిన మనిషికి ఎడారి అంటే మలుపుల్లేని రోడ్డు.

సత్తుపల్లిలో ఒకాయన లారీ కొంటానన్నాడు. నెలాఖరులోగా చెప్పమన్నాడు. లారీ పోతే యాకూబ్ పని కూడా పోతుంది. కారేపల్లి మనిషి, పద్నాలుగేళ్ళుగా మా బండే నడుపుతున్నాడు. "ఒక్క ట్రిప్పు వదినా. అన్న గీసిన దారి. ఏమన్న మిగిల్తే ఉంచు, లేకుంటే అమ్మెయ్యి" అన్నాడు. నేనూ వస్తానన్నాను. ఎందుకని అడిగినవాళ్ళకు లెక్క నేనే చూడాలి కదా అని చెప్పాను. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. ఆయన గీసి, పోకుండా వదిలేసిన దారి అది ఒక్కటే.

రాత్రి నడపకూడదన్నది నా షరతు. చీకటి పడితే నేను లాడ్జిలో, యాకూబ్ లారీలో.

భద్రాచలం

ముందు రోజు సాయంత్రం గోడౌన్‌లో బికనేర్ వ్యాపారి కొన్న నాలుగు వందల బస్తాల మిర్చి ఎక్కించారు. బస్తా నలభై కిలోలు. టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించేటప్పుడు యాకూబ్ చుట్టూ తిరిగి, అంచు కింద జానెడు సందు ఉందో లేదో జానతో కొలిచి మరీ చూశాడు. మా వైపు అందరూ అలాగే కడతారు. గోదావరి గాలిలో తడి ఎక్కువ. పూర్తిగా మూసేస్తే బస్తాలు లోపల చెమర్చి, రెండు రోజుల్లో కాయకు బూజు వస్తుంది. జోసెఫ్ బండి ఆగిన ప్రతిచోటా ఆ సందులో చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. "సరుకుకు ఊపిరాడాలె" అనేవాడు.

ఈసారి ఆ పని నేను చేస్తానన్నాను. యాకూబ్ పక్కకు జరిగి చోటిచ్చాడు.

గోదావరి వంతెన మీద నేను మొదటిసారి రెయిలింగ్ పైనుంచి నీళ్ళు చూశాను. బస్సులోంచి ఎప్పుడూ రెయిలింగే కనిపిస్తుంది. లారీ కేబిన్ ఎత్తు మనిషిని చెడగొడుతుందని పదో కిలోమీటరుకే అర్థమైంది. ఇళ్ళ ప్రహరీల లోపలికి కనిపిస్తుంది. పళ్ళు తోముకునేవాళ్ళు, ఇప్పపూలు ఏరుకొని గంపలతో వచ్చే ఆడవాళ్ళు, కోడిని తరుముతున్న ఒక పోలీసాయన. ఆయన లుంగీ మీద పోలీసు చొక్కా తొడుక్కుని ఉన్నాడు. కోడే గెలిచింది. నేను గట్టిగా నవ్వాను. నవ్వాక, ఎవరైనా చూశారేమోనని పక్కకు చూశాను. యాకూబ్ రోడ్డునే చూస్తూ, "హారన్ కొడ్తవా?" అని అడిగాడు. కొట్టాను. మళ్ళీ కొట్టాను. కొత్తగూడెం దాకా అవసరం ఉన్నచోటా లేనిచోటా కొట్టాను.

వాంకిడి దాటాక

రెండో రోజు మహారాష్ట్రలోకి వెళ్ళాక ఒక తనిఖీ దగ్గర ఆపారు. యూనిఫాం వేసుకున్న పెద్దమనిషి కాగితాలు చూసి, సరుకేంటో కూడా చూస్తానన్నాడు. సందులోంచే చూడమన్నాడు యాకూబ్. ఆయన మొహం దగ్గరగా పెట్టి లోపలికి చూశాడు. ఆ తర్వాత తుమ్మడం మొదలుపెట్టాడు. నేను తొమ్మిది దాకా లెక్కపెట్టాను. పదోదానికి ఆయన టోపీ ఎగిరి పడింది. నేను దిగి తీసిచ్చి, మంచినీళ్ళ సీసా ఇచ్చాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇది తింటారా మీరు?" అని హిందీలో అడిగాడు.

"పచ్చడి పెట్టుకుంటం సార్. పిల్లలు గూడ తింటరు" అన్నాడు యాకూబ్.

ఆయన నా వంక జాలిగా చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

నాగపూర్‌లో పొద్దున్నే అటుకుల ఉప్మాలాంటిది పెట్టారు. వాళ్ళు పోహా అంటారు. మీద శనగల పులుసు పోశారు. ప్లేటు ముప్పై రూపాయలు. యాకూబ్ సీసాలోంచి గోంగూర పచ్చడి తీసి దానిలో కలిపాడు. హోటలాయన అది చూసి, కాస్త రుచి అడిగి, తిని, లోపలికెళ్ళి భార్యను పిలుచుకొచ్చాడు. ఆమె రుచి చూసి, వంటవాణ్ణి పిలిచింది. మేం లేచేసరికి సీసాలో సగం లేదు, బిల్లు కూడా లేదు. "గోంగూరతోనే రాజస్థాన్ పోయి రావచ్చు వదినా, డీజిల్ ఒక్కటి కొనుక్కుంటే చాలు" అన్నాడు యాకూబ్.

నాగౌర్

ఐదో రోజుకు చెట్లు చిన్నవయ్యాయి. ఆరో రోజుకు ముళ్ళ పొదలే మిగిలాయి. జోసెఫ్ రాసింది నిజమే. ఘాట్ లేదు. రోడ్డు ఎంత తిన్నగా ఉందంటే, ఎదురుగా వచ్చే లారీ కనబడ్డాక మేం ఒక పాట మొత్తం వినేవాళ్ళం, అది మమ్మల్ని దాటిపోయేలోపు. డీజిల్ కూడా బాగా కలిసొచ్చింది. మాకు ఇద్దరికీ హుషారు పట్టుకుంది. పెదవులు పగిలి, నవ్వితే మండేవి. అయినా నవ్వేవాళ్ళం. ఆరేసిన తువ్వాలు పది నిమిషాల్లో అట్టముక్కలా అయితే, మా ఊళ్ళో ఈ గాలి ఉంటే వానాకాలంలో ఎంత సుఖమని మాట్లాడుకున్నాం. ఆ తువ్వాలు చూసి మాకు వేరే ఆలోచన రావాల్సింది. రాలేదు.

ఇక్కడివాళ్ళ మాట నాకు సగం, యాకూబ్‌కు ముప్పావు వంతు అర్థమయ్యేది. వాళ్ళన్నది మా తెలుగులోనే రాస్తున్నాను.

నాగౌర్ దాటాక ఒక ధాబా. పేరు లేదు, పైన రేకులు, కింద నులక మంచాలు. నడిపేది గౌరీబాయి అనే ముసలమ్మ. ఆమె "రామ్ రామ్ సా" అంటే, యాకూబ్ చేతులు జోడించి, "రామ్ రామ్. మేం రాముడి ఊరి నుంచే వచ్చినం. భద్రాచలంల ఆయన, ఆయన పక్కన మేం" అన్నాడు.

ఆమెకు భద్రాచలం తెలియదు. అయినా సంతోషించి, మాకు సజ్జ రొట్టె మీద ఇంకో చెంచా నెయ్యి వేసింది. ఎండిన కాయలతో ఒక కూర పెట్టింది. పుల్లగా, కాస్త వగరుగా ఉంది. కాయ ఏదని అడిగితే రోడ్డు పక్క ముళ్ళ పొదలు చూపించింది. భోజనం ఎనభై రూపాయలు, మజ్జిగ ఎంత తాగినా ఊరికే. మాకన్నా ముందు తిన్నవాళ్ళ కంచాలు ఇసుకతో రుద్ది, గుడ్డతో తుడిచి పెట్టేసింది. చుక్క నీరు వాడలేదు. మా ఇంట్లో నేను కంచాలకు వాడే నీళ్ళు తలుచుకుని చిన్నబోయాను.

"ఈయన నీకేమవుతాడు?" అని, మా కంచాలు తీయబోతున్న నన్ను అడిగింది.

"మరిదిని" అన్నాడు యాకూబ్, నేను నోరు తెరిచేలోపే.

"మరిదైతే కంచం తీసి కడుగు. వదిన చేత తీయిస్తావేం?" అంది ఆమె. యాకూబ్ ఇసుకతో రెండు కంచాలు రుద్దాడు. మూడోది కూడా రుద్దించింది.

అప్పుడే బయట ఏదో చినిగిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే, గౌరీబాయి ఒంటె మా టార్పాలిన్ సందులో మూతి దూర్చి ఉంది. బస్తా మూల కొరికి, మిరపకాయలు నములుతోంది. యాకూబ్ అరుస్తూ పరిగెత్తాడు. "ఓ తల్లీ, సచ్చిపోతవే! నీళ్ళు తెండ్రి! దవాఖానా ఉందా ఇక్కడ దీనికి?" ఒంటె అతని వైపు చూసి, ఇంకోసారి నోరు నింపుకుంది. కళ్ళలో నీళ్ళు లేవు, తుమ్ము లేదు. గౌరీబాయి నవ్వి నవ్వి మంచం మీద కూలబడింది. "అది ముళ్ళు తినే ప్రాణి బాబూ. మీ మిరపకాయ దానికి లడ్డూ" అంది. తోలుకుపోతుంటే ఒంటె రెండుసార్లు వెనక్కి తిరిగి లారీని చూసింది.

మేం చినిగిన మూల కుట్టుకుంటుంటే ఆమె వచ్చి సందులో చెయ్యి పెట్టింది. "గాలికి తలుపు తీసి పెట్టారెందుకు?" అని అడిగింది.

"ఊపిరాడాలమ్మా సరుకుకు" అన్నాను.

"మా గాలికా?" అంది. ఇంకేదో అంది. యాకూబ్ తల ఊపి బండెక్కాడు.

"ఏమంటోంది?"

"మూసుకోమంటుంది. మిర్చి సంగతి ఈళ్ళకేం తెలుసు వదినా. పండియ్యరు, తోలరు."

నేను కూడా అలాగే అనుకున్నాను. బయల్దేరే ముందు సందులో చెయ్యి పెట్టి చూశాను. వేడిగా లేదు, చెమ్మ లేదు. జోసెఫ్ ఉంటే మెచ్చుకునేవాడని అనిపించింది.

బికనేర్

మిఠాయి, కారప్పూస వాసనల మధ్యనుంచి మిర్చి గోదాముకు చేరాం. లారీ వేబ్రిడ్జి మీదకు ఎక్కింది. సరుకు దించి, ఖాళీ లారీని మళ్ళీ తూచారు. గుమస్తా రెండు చీటీలు పక్కపక్కన పెట్టి, తల ఎత్తకుండా అన్నాడు. "మూడు వందల పది కిలోలు తక్కువ."

యాకూబ్ అర్థం కానట్టు చూశాడు. గుమస్తా ఈసారి తలెత్తి, దారిలో ఎక్కడెక్కడ ఆగారని అడిగాడు.

"అంటే ఏంది? నేను అమ్ముకున్ననా?" యాకూబ్ గొంతు పెరిగింది. "లెక్కపెట్టు బస్తాలు! నాలుగు వందలు ఉన్నయా లేవా? పద్నాలుగేండ్లల్ల ఒక కాయ పోలే నా బండిల. ఒక్క కాయ!" ఒంటె సంగతి గుర్తొచ్చిందేమో, ఒక్క క్షణం ఆగాడు. "ఆ ఒంటె ఎంత తిన్నది, కిలో గూడ తినలే!"

ఏ ఒంటె అని అడిగాడు గుమస్తా. యాకూబ్ చెప్పిన కొద్దీ అది కట్టుకథలా వినిపించింది.

తగ్గిన బరువు ఖరీదు కిరాయిలో కోస్తే డీజిల్ డబ్బులు కూడా రావు. సత్తుపల్లి ఆయనకు ఫోన్ చేయడమే మిగులుతుంది. అంతకన్నా, యాకూబ్ మొహం చూడలేకపోయాను. నేను బస్తాల దగ్గరికి వెళ్ళాను. అలవాటుగా ఒక బస్తా మూలలో చెయ్యి పెట్టాను. కాయ చేతిలోనే పొడైంది. గ్రంథాలయంలో కిటికీ పక్క ఎండకు ఉన్న పాత పత్రికలు అలాగే రాలతాయి, తిప్పితే చాలు. బీరువాలో లోపల ఉన్నవి వంగుతాయి. ఇంకో బస్తా వెతికాను, లారీ మధ్యలోనుంచి దించింది. కాయ వంగింది, విరగలేదు.

"ఈ రెండూ విడివిడిగా తూచండి" అన్నాను. నా హిందీ గ్రంథాలయం హిందీ. వాళ్ళకు అర్థమైంది.

మధ్య బస్తా నలభై కిలోలు. అంచు బస్తా ముప్పై ఎనిమిదీ చిల్లర. దాని కుట్టు తెగలేదు. ఇంకో అంచు బస్తా పెట్టించాను. అదీ అంతే. పైవరస, పక్కవరసలు, అన్నీ అంతే. లోపలివన్నీ సరిగ్గా ఉన్నాయి.

అప్పటిదాకా లోపల దిండుకు ఆనుకుని చూస్తున్న గోదాము యజమాని సేఠ్ లేచి వచ్చాడు. ఒక కాయ తీసి వేళ్ళతో నలిపి, పొడిని ఊదేశాడు. టార్పాలిన్ ఎలా కట్టారని అడిగాడు. యాకూబ్ జాన చాపి చూపించాడు. సేఠ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీ సరుకు దొంగిలించినవాణ్ణి నేనెరుగుదును. ఇక్కడి గాలి. రోడ్డంతా తింటూ వచ్చింది. మా దగ్గరికొచ్చే బండ్లు రెండు టార్పాలిన్లు కప్పి, మధ్యలో పాత గోనెలు పరిచి, సూది దూరకుండా కడతాయి. నీళ్ళ ఊరివాళ్ళు మీరు. గాలి వచ్చి పోతుందనుకున్నారు. ఇక్కడ గాలి వచ్చేది తీసుకుపోవడానికే."

గుమస్తాను యాకూబ్‌కు టీ తెచ్చివ్వమన్నాడు. ఇచ్చేటప్పుడు గుమస్తా "క్షమించు భాయ్" అన్నాడు. యాకూబ్ టీ తాగి, గ్లాసు అతనికే తిరిగిచ్చాడు. తగ్గినదానిలో సగం సేఠ్ భరిస్తానన్నాడు, సగం మా కిరాయిలో కోశాడు. డీజిల్ పోను పెద్దగా మిగల్లేదు. ఇక లారీ ఉండాలో పోవాలో జీలకర్రే చెప్పాలి.

మేడ్తా

జీలకర్ర మార్కెట్ మేడ్తాలో ఉంది. ఊరు రెండు కిలోమీటర్లుండగానే వాసన వచ్చేసింది. ఆ యార్డులో గంట నిలబడితే ఆకలి ఆగదు. నేను వరసగా మూడు కచోడీలు తిన్నాను. పెళ్ళయ్యాక ఎప్పుడూ రోడ్డు మీద నిలబడి తినలేదు. ఒకటి ఇరవై రూపాయలు. నాలుగోదానికి డబ్బులు తీస్తుంటే యాకూబ్, "వదినా, లారీల జీలకర్రకు జాగ ఉంచు" అన్నాడు.

ఖమ్మం వ్యాపారి ఒకాయనకు చేర్చాల్సిన పూర్తి లోడు మాకు దొరికింది, జోసెఫ్ కాగితం మీద రాసిన కిరాయి కన్నా కొంచెం ఎక్కువకే. నేను అరిచినంత పనిచేశాను. బస్తాలు ఎక్కించాక రెండు టార్పాలిన్లు, మధ్యలో గోనెలు. యాకూబ్ తాళ్ళు కడుతూ వెనక మూలకు వచ్చి ఆగాడు. అక్కడ జాన పెట్టి, సందు వదిలాడు.

"యాకూబూ."

"జరంత వదినా. ఎనక మూల ఒక్కటి."

"ఎందుకు?"

"అన్న జెప్పిండు." తాడు చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. "అన్న జెప్పినట్టే కట్టిన నేను ఎప్పుడూ. బూజు పట్టలే, కాయ పోలే. ఇప్పుడు అన్న మాట తప్పంటే ఎట్ల?"

"తప్పని ఎవరన్నారు? మీ అన్న ఇక్కడికి రాలేదు కదా."

నేను తాడు ఇంకో కొస పట్టుకున్నాను. "లాగు" అన్నాను. ఇద్దరం లాగాం. నా బలానికి తాడు కదల్లేదు, పాదాలు జారి ఇసుకలో కూర్చుండిపోయాను. యాకూబ్ నన్ను లేపడానికి వచ్చి, నవ్వాపుకోలేక తానూ కూర్చున్నాడు. హమాలీలు మా చుట్టూ చేరారు. చివరికి వాళ్ళే బిగించారు. సూది దూరదు.

గౌరీబాయి ధాబా మేడ్తా నుంచి వెనక్కి తొంభై కిలోమీటర్లు; బికనేర్ నుంచి వచ్చేటప్పుడు లోడు తొందరలో ఆగకుండా దాటి వచ్చేశాం. డీజిల్ దండగని తెలిసీ లోడు ఎక్కకముందు రోజు మేం అక్కడికి పోయొచ్చాం. ఖాళీ లారీ అడుగున ఊడ్చిన మిరపకాయలు ఒక సంచికి వచ్చాయి. "నీ మాట వినాల్సిందమ్మా" అని ఆమెకు ఇచ్చాను. ఆమె సంచి దాచేలోపే ఒంటె లేచి నిలబడింది.

గోదావరి

వచ్చేటప్పుడు టైర్లు నేనే కొట్టాను. యాకూబ్ నేర్పాడు. గాలి ఉన్న టైరు గట్టిగా పలుకుతుంది, లేనిది మెత్తగా. మంచిర్యాల దగ్గర గోదావరి వంతెన ఎక్కేసరికి సాయంత్రం. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాను. తడి గాలి. పన్నెండు రోజుల తర్వాత చర్మానికి ఊపిరాడింది. పగిలిన పెదవులతో ఇద్దరం పాటలు పాడుతూ ఆ రాత్రికి ఆగాల్సిన ఊళ్ళోకి వచ్చాం. ఒక్క పాట కూడా పూర్తిగా రాదు.

ఖమ్మంలో జీలకర్ర తూచారు. కిలో కూడా తగ్గలేదు. ఖర్చులన్నీ పోను ఆ నెల లారీ అప్పు కిస్తీ, యాకూబ్ జీతం కట్టి ఇంకా మిగిలింది. సత్తుపల్లి ఆయనకు ఫోన్ చేసి లారీ అమ్మడం లేదని చెప్పాను. వినగానే యాకూబ్ ఏమన్నాడంటే, "అయితే రేపు జల్దీ రావాల్నా, మెల్లగ రావాల్నా?"

జూన్ నెల కాగితం మీద, తడి గాలి తగ్గడం మొదలయ్యే నాగపూర్ చుక్క పక్కన నేను ఒక మాట రాశాను: "ఇక్కడ బిగించాలి." అప్పటినుంచి బండి నాలుగుసార్లు పోయొచ్చింది. భద్రాచలంలో యాకూబ్ ఎప్పటిలాగే జానెడు సందు వదిలి కడతాడు. నాగపూర్‌లో ఆగి, సందులో ఒకసారి చెయ్యి పెట్టి చూసి, మూసేస్తాడు.

నాగపూర్ దాటాక ఇప్పుడు సందు వదలడం లేదు.